బ్యాంకాక్‌లో అత్తయ్యగారి భోజనం

ప్రశ్న: సెలవులకు బ్యాంకాక్ వెళ్తున్నాం. మా అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. తిండి సంగతే టెన్షన్‌గా ఉంది. షాపింగ్ ఎక్కడ బాగుంటుంది?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ‘వెజ్’ అంటే సరిపోదమ్మా. అక్కడ కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది. పచ్చిబొప్పాయి తురుముతో చేసే సోమ్‌తమ్ చూస్తే నోరూరుతుంది. కానీ రోట్లో మిరపకాయలు, వెల్లుల్లితోపాటు ఎండురొయ్యలూ వేసి దంచుతారు! పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని థాయ్‌లో రాసున్న బండి వెతకండి. అక్కడ మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మీ అత్తయ్యగారికి ఇంతకంటే ఏం కావాలి! కొబ్బరిపాలు పోసిన జిగురన్నంలో మామిడిపండు ముక్కలు పెట్టి ఇస్తారు, అది మాత్రం వదలొద్దు. రోటీలే కావాలంటే బ్యాంకాక్ ‘లిటిల్ ఇండియా’ అనే పహురత్ వీధి ఉంది.

షాపింగ్‌కి శని, ఆదివారాల్లో చతుచక్ సంత. ఎండెక్కకముందే వెళ్లండి, నవ్వుతూ బేరమాడండి. పెద్ద మాల్‌లో ఒకేరోజు ఒకే షాపులో 2,000 బాత్‌లు దాటితే పర్యాటకులకు పన్ను తిరిగిచ్చే వ్యాట్ రిఫండ్ ఫారం అడగండి. పాస్‌పోర్టు దగ్గరుండాలి. కస్టమ్స్ ముద్ర అవసరమైతే, తిరుగుప్రయాణంలో లగేజీ చెకిన్‌కి ముందే ఆ ఫారం మీద వేయించుకోండి.