సీరియల్‌కి సినిమా లుక్ కావాలా?

ప్రశ్న: నేను రోజూ చూసే సీరియల్ ఈ మధ్య ఉన్నట్టుండి మారిపోయింది. కథ అదే, నటులు వాళ్లే, ఇల్లు కూడా అదే సెట్టు. కానీ బొమ్మ సినిమాలాగా కాస్త మసకగా, ఆగి ఆగి కదులుతున్నట్టు ఉంది. మా అబ్బాయి ఇప్పుడే బాగుందంటాడు, నాకేమో పాతదే నయమనిపిస్తోంది. అసలు టీవీ సీరియల్‌కి సినిమా లుక్ అవసరమా?

జవాబు: మీ కళ్లకేం కాలేదండీ, అక్కడ నిజంగానే ఏదో మార్చినట్టున్నారు. ‘ఆగి ఆగి’ అని రాశారు చూడండి, సగం సంగతి అందులోనే ఉంది. కదిలే బొమ్మంటే వరసగా చూపించే ఫొటోలే, ఒక్కో ఫొటోని ఫ్రేము అంటారు. మూకీల కాలంలో కెమెరా హ్యాండిల్ ఎంత వేగంగా తిప్పితే అన్ని ఫ్రేములు. 1920ల చివర్లో సినిమాకి మాటలొచ్చాక శబ్దం సరిగ్గా వినపడాలంటే వేగం మారకూడదు కాబట్టి సెకనుకు 24 ఫ్రేములని ఖాయం చేసుకున్నారు. టీవీ దారి వేరు. కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు) ఉన్న మనలాంటి దేశాల్లో సెకనుకు 50 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్నచోట దాదాపు 60 సార్లు, ప్రతిసారీ బొమ్మలోని సగం గీతల చొప్పున తెరమీదికి వచ్చేది. అంటే టీవీ కెమెరా కదలికను సినిమా కెమెరా కంటే రెట్టింపుకు పైగా సార్లు పట్టుకునేది. అందుకే వీడియోలో తీసింది ఇప్పుడే మన ఎదుట జరుగుతున్నట్టుంటుంది, సినిమా ఎవరో కూర్చుని కథ చెబుతున్నట్టుంటుంది. ఇందులో ఎక్కువ తక్కువలేం లేవు, చాలావరకు మన అలవాటే. 2012లో ‘ద హాబిట్’ మొదటి భాగాన్ని సెకనుకు 48 ఫ్రేములతో చూపిస్తే, అంత ఖర్చు పెట్టిన సినిమా కాస్తా టీవీ సీరియల్‌లా ఉందని చాలామంది విసుక్కున్నారు. బొమ్మ అంతకుముందుకంటే స్పష్టంగా ఉంది, అయినా నచ్చలేదు!

ఇక అవసరమా అంటే, నా మటుకు నాకు రోజువారీ సీరియల్‌కి అక్కర్లేదు. సినిమా లుక్ అంటే ఫ్రేముల లెక్క ఒక్కటే అయితే కెమెరాలో ఒక సెట్టింగ్ మారిస్తే సరిపోయేది. అసలు పనంతా లైటింగ్‌లో ఉంది. సీరియల్‌ని మూడు కెమెరాలతో ఒకేసారి తీస్తారనుకోండి, ఎవరు ఎటు తిరిగినా మొహం కనపడాలి, మైకు నీడ గోడ మీద పడకూడదు, దాంతో పైనుంచి అన్ని మూలలకూ సమానంగా వెలుతురు పోసేస్తారు. సినిమాలో మామూలుగా ఒక్క కెమెరా పెట్టి ప్రతి షాట్‌కీ లైట్లు జరుపుతారు, ఆ షాట్లో ఏ మొహం వెలుగులో ఉండాలో ఏది నీడలోకి పోవాలో చూసుకుని మరీ తీస్తారు. రోజుకో ఎపిసోడ్ ఇవ్వాల్సిన వాళ్లకి అంత తీరికెక్కడిది? కాబట్టి లైట్లు పాతవే, కెమెరాని పక్కకి తిప్పే వేగం పాతదే, ఫ్రేములు మాత్రం సగమయ్యాయి. పెచ్చులూడిన గోడకి పైపైన రంగు వేసినట్టే ఇది. కెమెరా పక్కకి గబుక్కున తిరిగినప్పుడల్లా బొమ్మ అదరడం మీరు గమనించే ఉంటారు.

బ్రిటన్ టీవీలో దీనికి మంచి ఉదాహరణలే ఉన్నాయి. ‘రెడ్ డ్వార్ఫ్’ అనే కామెడీ మొదటి మూడు సిరీస్‌లు వీడియోలో తీసినవి. 1998లో వాటికి సినిమా లుక్ అద్ది, కొత్త గ్రాఫిక్స్ కలిపి మళ్లీ విడుదల చేస్తే అభిమానులకే నచ్చలేదు, తర్వాత డీవీడీలు పాత రూపంలోనే వచ్చాయి. అదే 2005లో మళ్లీ మొదలైన ‘డాక్టర్ హూ’ని కూడా వీడియో కెమెరాతోనే తీసి ఎడిటింగ్ దశలో సినిమా లుక్ ఇచ్చారు, అక్కడ మాత్రం చక్కగా కుదిరింది. తీసేటప్పుడే ఆ లుక్‌ని మనసులో పెట్టుకుని లైటింగ్ చేశారు మరి. అంతకుముందు అక్కడ ఇంకో తమాషా ఉండేది. చాలా టీవీ నాటకాల్లో గది లోపలి సీన్లు వీడియోలో, బయటి సీన్లు 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసేవారు, పాత్ర తలుపు తీసి బయటికి అడుగుపెట్టగానే లోకమే మారిపోయినట్టుండేది. జనం అదీ చూశారు, కథ బాగుంటే పట్టించుకోలేదు.

మీ అబ్బాయి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. 1951లో మొదలైన అమెరికన్ కామెడీ ‘ఐ లవ్ లూసీ’ని ప్రేక్షకుల ముందే మూడు కెమెరాలతో, అదీ 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. అప్పట్లో చాలా కార్యక్రమాలు లైవ్‌గా పోయేవి, దాచాలంటే టీవీ తెరకి ఎదురుగా కెమెరా పెట్టి ఆ బొమ్మనే మళ్లీ ఫిల్మ్ మీదికి ఎక్కించేవారు. వాటిని ఇప్పుడు చూస్తే అలుక్కుపోయి ఉంటాయి, లూసీ మాత్రం ఇప్పటికీ శుభ్రంగా ఉంటుంది. కాబట్టి పదేళ్ల తర్వాత కూడా జనం చూడాలనుకునే పది ఎపిసోడ్ల సిరీస్ అయితే సినిమాలా తీయమనే అంటాను, టైమూ డబ్బూ ముందే పెట్టుకోవాలి, అంతే.

ప్రశ్న: సినిమా లుక్ అంటే ఏమీ కనపడకుండా చీకటి చేయడమా? ఈ మధ్య ఓటీటీలో ఏది పెట్టినా గదిలో లైటు ఆర్పేయాల్సి వస్తోంది.

జవాబు: మీ కోపం న్యాయమే. 2019లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చివరి సీజన్ మూడో ఎపిసోడ్‌లో రాత్రి యుద్ధం ఏమీ కనపడలేదని పెద్ద గోల అయింది, ఛాయాగ్రాహకుడేమో టీవీలు సరిగ్గా సెట్ చేసుకోకపోవడం వల్లే సమస్యన్నాడు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ కలర్ సరిచేసేది చీకటి గదిలో, ఖరీదైన మానిటర్ మీద. మనం చూసేది లైటు వెలుగుతున్న హాల్లో, పైగా ఇంటర్నెట్‌లో రావడానికి వీడియోని కుదించినప్పుడు మొదట దెబ్బతినేది నల్లటి భాగాలే, గళ్లుగళ్లుగా పగిలిపోతాయి. ఇది తీసేవాళ్లకి తెలియని సంగతేం కాదు. తప్పు ప్రేక్షకుడి మీదకి నెట్టేయడం నాకు నచ్చలేదు.

ప్రశ్న: మా కొత్త టీవీలో సినిమాలన్నీ సీరియల్‌లా కనపడుతున్నాయి. టీవీ పాడైందా?

జవాబు: లేదు, అతి తెలివి చూపిస్తోంది. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు తనే తయారుచేసి ఇరికిస్తోంది. శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ (పాత మోడళ్లలో ఆటో మోషన్ ప్లస్), ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది, పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే ఇంకా సులువు, ఇలాంటివన్నీ అదే ఆపేస్తుంది, అది 2019లో ప్రకటించారు. క్రికెట్ చూసేటప్పుడు కావాలంటే మళ్లీ ఆన్ చేసుకోండి.

ప్రశ్న: ఫ్రెండ్స్‌తో కలిసి ఫోన్‌లో చిన్న వెబ్ సిరీస్ తీస్తున్నాం. సినిమాలా ఉండాలంటే ఫోన్‌లో 60 ఫ్రేములు పెట్టాలా, 24 పెట్టాలా?

జవాబు: 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోటైతే 25 పెట్టండి, షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం, సెకనులో 50వ వంతు. అలాగైతే గదిలో లైట్లు మినుకుమినుకుమనే సమస్య చాలావరకు రాదు. షట్టర్ మార్చుకోనిచ్చే కెమెరా యాప్ ఒకటి వేసుకోండి. కెమెరాని పక్కకి తిప్పాలంటే మెల్లగా తిప్పండి, లేదా అసలు తిప్పకండి. వెనకదంతా బ్లర్ చేసే మోడ్ జోలికి మాత్రం పోవద్దు, జుట్టు అంచుల దగ్గర దొరికిపోతుంది. దానికి బదులు మనిషిని గోడకి దూరంగా జరిపి, పక్కనుంచి ఒక్క లైటు పెట్టి, పైన ట్యూబ్‌లైటు ఆర్పేసి చూడండి. ఇంకోటి, అందరి ఫోన్లలోనూ ఒకే ఫ్రేమ్ రేటు ఉందో లేదో మొదటి షాట్‌కి ముందే చూసుకోండి. ఒకరు 30లో ఒకరు 25లో తీస్తే ఎడిటింగ్‌లో కదలికలు గెంతుతాయి, సరిచేయడం పెద్ద తలనొప్పి.