టీచరమ్మ కాబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవాళ్ళకి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ పూటంతా నాకు కాలు నిలవలేదు. నువ్వు పంపిన డెమో వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూశాను. మాట స్పష్టంగా ఉంది, ఎవరినీ చిన్నబుచ్చకుండా నవ్వుతూ చెబుతున్నావు. చాలా గర్వంగా ఉంది. గుబులుగానూ ఉంది. ఆ గుబులు దేనికో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

ముందు మామూలు సంగతులు. టైముకి మొదలుపెట్టు, టైముకి ముగించు. ఫీజు సంగతి మొదటిరోజే మొహమాటం లేకుండా చెప్పేయ్. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో ఆపి దిద్దకు, వాక్యం పూర్తి చేయనివ్వు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక వీడియో. 'గివ్ మీ ది పెన్' అని రాశావు, దాని కింద 'గివ్ ది పెన్ టు మీ' అని రాశావు, రెండింటికీ మధ్య అటూ ఇటూ బాణం వేశావు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత "ఏ క్రియనైనా ఇలాగే తిప్పుకోవచ్చు" అన్నావు చూడు, నా గుండె గుభేలుమంది. ఆ మాట అన్న కాసేపటికే నీ నోటి నుంచే వచ్చింది: "నౌ ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ యు ది రూల్." విన్నావా? నువ్వు వేసిన బాణం నీకే తగిలింది.

ఎక్స్‌ప్లెయిన్ అలా తిరగదమ్మా. 'ఎక్స్‌ప్లెయిన్ ది రూల్ టు యు' అనాలి. లేదా మనిషిని వదిలేసి 'ఎక్స్‌ప్లెయిన్ ది రూల్' అంటే చాలు. మనం 'నాకు ఇవ్వు, నాకు చూపించు, నాకు వివరించు' అని అన్నిటినీ ఒకే 'కు'తో నడిపిస్తాం కాబట్టి ఇంగ్లీషులోనూ అలాగే ఉంటుందనుకుంటాం. అక్కడ ఏ క్రియ పద్ధతి దానిదే. గివ్, షో, సెండ్, టెల్, లెండ్, టీచ్ లాంటివి మనిషిని పక్కనే కూర్చోబెట్టుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, మెన్షన్, ఇంట్రడ్యూస్, అనౌన్స్, సే మాత్రం 'టు' లేనిదే మనిషిని దగ్గరికి రానివ్వవు.

ఎందుకిలా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మొదటి జట్టులో ఎక్కువ భాగం ఇంగ్లీషువాళ్ళ పాత సొంత మాటలు, పొట్టివి. రెండో జట్టులో ఎక్కువ భాగం లాటిన్ నుంచి నేరుగానో, ఫ్రెంచి మీదుగానో వచ్చిన పొడుగు మాటలు. అయితే 'సే' సొంత మాటే, అయినా 'టు' అడుగుతుంది. 'ప్రామిస్' లాటిన్ మూలం నుంచి వచ్చిందే, అయినా 'ప్రామిస్ మీ' అంటే ఎవరూ తప్పు పట్టరు. కాబట్టి ఈ చరిత్ర కబురుగా చెప్పు, రూలుగా బోర్డు మీదికి ఎక్కించకు.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు నాకిప్పటికీ గుర్తు. ఖాళీలు పూరించమంటే 'ఎక్స్‌ప్లెయిన్' తర్వాత ఠక్కున 'టు మీ' అని రాసేవాడు. పేపరు దిద్దుతుంటే ముచ్చటేసేది. నోరు విప్పితే మాత్రం "మేడమ్, ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ సమ్" అనేవాడు. రూలు అడిగితే గడగడా అప్పజెప్పేవాడు, మరుక్షణం మళ్ళీ 'ఎక్స్‌ప్లెయిన్ మీ'. తెలియకపోవడం కాదు, నాలుకకి అలవాటు కాకపోవడం. వాడికి ఖాళీలు ఇవ్వడం మానేశాను. వాక్యంలో 'ఇట్' పెట్టి అనిపించడం మొదలుపెట్టాను. 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ', 'డిస్క్రైబ్ ఇట్ టు మీ', 'షో ఇట్ టు మీ', 'గివ్ ఇట్ టు మీ'. ఆ చిన్న 'ఇట్' మధ్యలోకి వచ్చేసరికి 'టు' దానంతటదే వచ్చేసింది. 'ఎక్స్‌ప్లెయిన్ మీ ఇట్' అని ఎవరి నోరూ తిరగదు, కావాలంటే నువ్వే అని చూడు.

అందుకే నా మాట విని పాఠం 'గివ్ మీ ది పెన్'తో కాకుండా 'గివ్ ఇట్ టు మీ'తో మొదలుపెట్టు. రెండు జట్లకీ ఆ వరస పనికొస్తుంది. 'ఫర్' అడిగే క్రియలు కూడా అందులోనే సర్దుకుంటాయి: 'బై ఇట్ ఫర్ మీ', 'మేక్ ఇట్ ఫర్ మీ', 'ఓపెన్ ఇట్ ఫర్ మీ'. అది నోటికి పట్టాక, మనిషిని ముందుకి తెచ్చుకోనిచ్చే క్రియలేవో ఒక్కొక్కటే చూపించు. 'బై మీ ఎ టికెట్' కుదురుతుంది, 'ఓపెన్ మీ ది డోర్' కుదరదు. బ్రిటన్‌లో కొందరు 'గివ్ మీ ఇట్' అంటారు, ఉత్తర ఇంగ్లండ్‌లో 'గివ్ ఇట్ మీ' కూడా వినిపిస్తుంది. ఎవరైనా అలా విన్నామంటే తప్పని కొట్టిపారేయకు. అలాగని నేర్పకు.

నాకున్న పెద్ద భయం ఇదే తల్లీ. పిల్లలకి తప్పు చెబితే పై తరగతిలో ఇంకో టీచరు దిద్దుతుంది. నీ దగ్గరికి వచ్చేవాళ్ళకి నీ తర్వాత ఇంకో టీచరు ఉండకపోవచ్చు. నీ నోట విన్నదే ఇంటర్వ్యూలో అంటారు, మెయిల్లో రాస్తారు.

'టెల్', 'సే' తారుమారు చేసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. 'హి టోల్డ్ టు మీ' అనీ, 'హి సెడ్ మీ' అనీ అంటారు. నిజానికి ఆ 'టు' ఒకచోటి నుంచి తీసి రెండోచోట పెడితే చాలు: 'హి టోల్డ్ మీ', 'హి సెడ్ టు మీ'. 'ఆస్క్'కి కూడా 'టు' అక్కర్లేదు, 'ఆస్క్ మీ' అంతే. ఇక 'ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ది రూల్స్' అని ఆఫీసు మెయిళ్ళలో తెగ కనిపిస్తుంది. 'ఐ వాజ్ టోల్డ్' సరైనదే, ఇది కాదు. 'ది రూల్స్ వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ' అని రాయించు. అయితే ఇది మొదటి నెలలో వద్దు, బుర్ర వేడెక్కిపోతుంది.

డౌటు వస్తే ఇంటర్నెట్‌లో ఎవరో అన్నారని నమ్మకు. విద్యార్థుల కోసం తయారైన నిఘంటువు తెరిచి, ఆ క్రియ కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదువు. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన హార్న్‌బీ అనే ఆయన, 1942లో టోక్యోలో అచ్చయిన తన నిఘంటువులో క్రియల్ని 25 నమూనాలుగా విడదీసి చూపించాడు. మాటకి అర్థం తెలిస్తే సరిపోదు, దాని వెనక ఏం వస్తుందో కూడా తెలియాలని ఆయన పడ్డ తాపత్రయం అది. 'రికమెండ్' దగ్గర మాత్రం ఇంగ్లీషువాళ్ళే రెండు రకాలుగా అంటున్నారు, దాన్ని క్లాసులోకి లాగి తలనొప్పి తెచ్చుకోకు.

"అందరూ 'సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్' అనే అంటున్నారు కదా మేడమ్" అని ఎవరో వాదనకి దిగుతారు, చూస్తూ ఉండు. తగువు పెట్టుకోకు. మాటల్లో అంటే అర్థమవుతుంది, అప్లికేషన్‌లో రాస్తే దొరికిపోతారు అని చెప్పు. ఆ 'మీ' తీసేసి 'కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ బుక్' అనిపించి ముందుకెళ్ళిపో. టెన్షన్ పడి గొంతు పెంచకు. చిన్నప్పటి నుంచీ నీది సున్నితమైన గొంతు, పక్కన గోరువెచ్చని నీళ్ళు పెట్టుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ