గూడు – గోడు: కొల్లూరులో ఇల్లు, మధురానగర్‌లో పని

ప్రశ్న: అక్కా, మేము బోరబండలో అద్దెకుంటాం. మధురానగర్‌లో నాలుగిళ్లలో పని చేస్తాను. మా ఆయన సెంట్రింగ్ పనికి పోతాడు. డ్రాలో మాకు కొల్లూరులో సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది, ఏడో అంతస్తు. పట్టా నా పేరు మీదే ఉంది. తాళంచెవి చేతికొచ్చింది కానీ ఇంకా చేరలేదు. అక్కడికి పోతే నా పనులన్నీ పోతాయి. ఒకాయన నోటరీ కాగితం రాసిస్తే ఐదు లక్షలిస్తానంటున్నాడు. మా ఆయనేమో ఇచ్చేద్దామంటున్నాడు. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక చెల్లెలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ఐదు లక్షల సంగతి తేల్చేద్దాం చెల్లీ. నోటరీ ముద్ర పడితే ఆ సంతకం మీదేనని తెలుస్తుంది, అంతే. ఇల్లు ఆయనది అయిపోదు. డబుల్ బెడ్‌రూం ఇల్లు మీ తర్వాత మీ పిల్లలకు వస్తుంది గానీ అమ్ముకోవడానికి లేదు, అద్దెకివ్వడానికీ లేదు. ఉత్తగా తాళం వేసి పెట్టినా నోటీసులిస్తున్నారు. రేపు తనిఖీలో పట్టా రద్దయిందనుకోండి, ఆ పెద్దమనిషి డబ్బు కోసం మీ గుమ్మం ముందే కూర్చుంటాడు. అప్పటికి ఆ డబ్బు ఏ పాత అప్పుకో జమ అయిపోయి ఉంటుంది. ఇక మీ ఆధార్ మీద ఒకసారి సర్కారు ఇల్లు ఎక్కాక రెండోది రావడం కల్ల. 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, రెండు బాత్రూంలు. ఈ ఊళ్లో ఐదు లక్షలకు అందులో వంటిల్లు కూడా రాదు.

అసలు బాధ పని పోతుందని. అందులో న్యాయం ఉంది. నేను బస్తీల్లో పనిచేసే యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగంలో కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా చేసిన రోజుల్లో, గుడిసె ఉన్న జాగాకే పట్టా ఇప్పించి అక్కడే కట్టుకోమనేవాళ్లం. పొద్దున్నే రెండు వరుసలు గోడ లేపుకుని, పక్క వీధిలో పనికి పోయేవాళ్లు. 2015లో బన్సీలాల్‌పేట ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు పాత జాగాలోనే కట్టారు కాబట్టి అక్కడివాళ్లకు ఈ తిప్పలు రాలేదు. కొల్లూరు కథ వేరు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. జాగా దొరికిన చోట కట్టారు, కాదనను. ఇల్లు ఫ్రీగా ఇచ్చి దూరాన్ని మాత్రం మీ నెత్తిన పెట్టారు.

అయినా పొమ్మనే చెబుతాను. నాలుగిళ్లూ ఒక్కసారే మానకండి. పొద్దున ఆరింటికి రమ్మనే ఇళ్లు రెండు వదిలేసి, పదింటి తర్వాత పోయినా ఫరవాలేదనే రెండూ ఉంచుకోండి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, కాబట్టి పోయేది డబ్బు కాదు, టైము. ఈలోపు తెల్లాపూర్, ఉస్మాన్‌నగర్ వైపు వాకబు చేయండి. ఆ చుట్టుపక్కలంతా పెద్ద పెద్ద అపార్టుమెంట్లే, పనిమనుషులు కావాలనే వాళ్లకు కొదవ లేదు. కాకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఊరికే లోపలికి పంపరు, ఎవరో ఒకరు పరిచయం చేయాలి. మీ బ్లాకులో ఇప్పటికే అలా పోతున్న ఆడవాళ్లు ఉంటారు, ముందు వాళ్లతో మాట కలపండి. మీ ఆయనకైతే ఆ దిక్కున సెంట్రింగ్ పనికి ఢోకా లేదు. బోరబండ అడ్డా వదలడానికి మనసొప్పక అలా అంటున్నాడేమో చూడండి. రేషన్ ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. పిల్లలుంటే పరీక్షలయ్యాక టీసీ తీసుకోండి, మధ్యలో వద్దు.

ఇక ఏడో అంతస్తు. నాకు అన్నిటికన్నా దీనిమీదే అనుమానం. సామాను ఎత్తకముందు ఒక రోజు అక్కడికి పోండి, పగలు కాదు, రాత్రి ఏడు దాటాక. కింద నిలబడి మీ బ్లాకులో ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. సగం కూడా లేకపోతే లిఫ్టు రిపేరు, మోటారు ఖర్చు ఆ కొద్దిమంది మీదే పడుతుంది. ఇవ్వలేనివాళ్లు మానేస్తారు, వాళ్లను చూసి ఇవ్వగలిగినవాళ్లూ మానేస్తారు, ఓ రోజు లిఫ్టు ఆగుతుంది. గ్యాస్ సిలిండర్ కింద దించేసి పోతే ఏడంతస్తులు మోయాల్సింది మీరే. కాబట్టి కమిటీ ఉందా, నెలకు ఎంత వసూలు చేస్తున్నారు, లెక్క ఎక్కడ రాస్తున్నారు, ఈ మూడూ అడగండి. లెక్క ఎవరి ఫోన్‌లోనో ఉందంటే ఒప్పుకోకండి. లిఫ్టు పక్కన గోడ మీద, ఇచ్చినవాళ్ల ఫ్లాట్ నంబర్లతో సహా కాగితం అంటించాలి. డబ్బు లెక్క ఆడవాళ్ల చేతికిస్తే మేలని నా పాత అలవాటు కొద్దీ చెబుతున్నాను, మగవాళ్లు కోప్పడినా సరే.

ప్రశ్న: నెల్లూరులో మాకు ఏపీ సర్కారు కట్టించిన టిడ్కో ఇల్లు వచ్చింది, 300 చదరపు అడుగులు. గ్రౌండ్ ఫ్లోరు. ఐదుగురం ఉంటాం. లోపలి గోడ ఒకటి తీసేస్తే కాస్త విశాలంగా ఉంటుందని, ఒక్కరోజు పనేనని మేస్త్రి అంటున్నాడు. తీయించమంటారా అమ్మా?

జవాబు: ఆ మేస్త్రిని మళ్లీ ఇంటికి రానివ్వకండి. టిడ్కో ఇళ్లు షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. మామూలు ఇళ్లలోలా బరువంతా పిల్లర్లు మోసి, ఇటుక గోడ ఊరికే అడ్డంగా ఉండటం కాదు. గోడలే కాంక్రీటు. మీ నెత్తిన ఉన్న మూడంతస్తులూ వాటి మీదే నిలబడ్డాయి. తలుపు వెడల్పు చేయించడం, కిటికీ పెద్దది చేయించడం కూడా వద్దు. చోటు కావాలంటే మడత మంచాలు, గోడకు ఇనుప స్టాండ్లు పెట్టించుకోండి. మేకు కొడితే వంగిపోతుంది, డ్రిల్లు కావాలి. వైర్ల పైపులు గోడ లోపలే ఉంటాయి కాబట్టి స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా మాత్రం డ్రిల్లు పెట్టనివ్వకండి.