ఎస్‌డబ్ల్యూఆర్ 1.6 చూపిస్తున్నా సిగ్నల్ ఎందుకు వెళ్లడం లేదు?

ప్రశ్న: "అమలాపురంలో డాబా మీద హామ్ రేడియోకి 2 మీటర్ల బ్యాండ్ యాంటెన్నా పెట్టాను. సెట్టు 25 వాట్లు, ఆర్‌జి-58 కేబుల్ 30 మీటర్లు, ఎస్‌డబ్ల్యూఆర్ 1.6. రాజోలు వాళ్లకి మాత్రం వినపడట్లేదు. అసలు బయటికి ఎంత పవర్ పోతున్నట్టు?"

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిదంటారు. ముందు ఆ 1.6ని నమ్మడం మానేయండి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జి-58 వంద మీటర్లకి సుమారు 20 డీబీ (పవర్ హెచ్చుతగ్గుల కొలత, 3 పోతే పవర్ సగం) తినేస్తుంది. మీ 30 మీటర్లకి 6 డీబీ. సెట్టులోంచి బయల్దేరిన 25 వాట్లలో పైకి చేరేది ఆరు వాట్ల చిల్లర. యాంటెన్నా పూర్తిగా ఊడిపోయినా సరే, వెనక్కొచ్చే పవర్ అదే కేబుల్లో ఇంకో 6 డీబీ పోగొట్టుకుంటుంది కాబట్టి కింద మీటరు 1.7 చూపిస్తుంది. అంటే మీ 1.6కీ, పైన యాంటెన్నాయే లేకపోవడానికీ పెద్ద తేడా లేదు.

యాంటెన్నా గెయిన్ (పవర్‌ని కూడదీసి పంపే బలం) 6 డీబీఐ (అన్ని దిక్కులకీ సమానంగా చిమ్మే ఊహా యాంటెన్నాతో పోల్చిన డీబీ) అనుకుంటే, పోయిన 6 వచ్చిన 6తో సరి. ఈఐఆర్‌పీ, అంటే ఆ ఊహా యాంటెన్నా లెక్కన బయటికెళ్లే పవర్, 25 వాట్లు. డైపోల్‌తో (మామూలు రెండు కడ్డీల యాంటెన్నాతో) పోల్చే ఈఆర్‌పీ కావాలంటే 2.15 డీబీ తీసేయండి, 15 వాట్లు మిగులుతాయి. పెట్టె మీద ఒట్టి "డీబీ" అని అచ్చేసి అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటిదాన్ని డీబీఐ కిందే లెక్కేయండి.

ఇదంతా కొత్త కేబుల్ లెక్క. మీదాన్ని కొలవాల్సిందే. పై చివర యాంటెన్నా విప్పి వాట్‌మీటరు, దానికి 50 ఓమ్‌ల డమ్మీ లోడు (యాంటెన్నా బదులు పవర్‌ని మింగే రెసిస్టరు) తగిలించండి. తర్వాత అదే మీటరుతో సెట్టు దగ్గరా చూడండి. రెండు మీటర్లు వాడితే వాటి తేడాలే నష్టంగా కనిపిస్తాయి. కింద 25, పైన 4 వస్తే 8 డీబీ పోయినట్టు, అంటే ఉండాల్సినదానికన్నా 2 ఎక్కువ. నానోవీఎన్‌ఏ (యాంటెన్నా, కేబుల్ కొలిచే చిన్న పరికరం) ఉంటే పై చివర షార్ట్ చేసి, రిటర్న్ లాస్ (సిగ్నల్ పోయి తిరిగొచ్చేసరికి తగ్గిన డీబీ) చదివి సగం చేస్తే చాలు.

కోనసీమలో ఆ 2 డీబీకి కారణం చాలాసార్లు నీళ్లే. అందరూ కనెక్టర్ల మీద తోస్తారు గానీ, సరిగ్గా సోల్డర్ చేసిన పీఎల్-259 కనెక్టరు ఈ ఫ్రీక్వెన్సీలో 0.1 డీబీ కూడా తినదు. కనెక్టరు వెనక జానెడు మేర పైతొడుగు చీల్చి చూడండి. లోపలి అల్లిక మెరుస్తూ ఉండాలి. నల్లబడినా, పచ్చటి పొడి రాలినా ఆ కేబుల్ పని అయిపోయింది. ఉప్పునీరు అల్లిక వెంట లోపలికి పాకుతుంది, కనెక్టరు మార్చినంత మాత్రాన బాగుపడదు. కొత్తదానికి సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు) సాగదీసి, చుట్టు మీద చుట్టు సగం ఎక్కేలా కింద నుంచి పైకి చుట్టండి. ఎండ తగలకుండా దాని మీద నల్ల పీవీసీ టేపు వేయండి. పీవీసీ ఒక్కటే వేస్తే మన ఎండలకి జిగురు కారి విడిపోతుంది.

కొత్త కేబుల్ కొనేటప్పుడు ఆర్‌జి-213 తీసుకుంటే నష్టం 2.7 డీబీకి దిగి, 13 వాట్లు పైకి చేరతాయి. అంత ఖర్చు వద్దంటే కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జి-6 వేయండి. సెట్టు 50 ఓమ్‌లది, ఇది 75 ఓమ్‌లదని ముక్కు విరుస్తారు గానీ, ఆ తేడాకి పోయేది మహా అయితే అర డీబీ. 30 మీటర్లకి మొత్తం రెండున్నర చిల్లర. దాని అల్యూమినియం అల్లికకి సోల్డర్ అంటదు, కంప్రెషన్ కనెక్టరే వాడాలి.

యాంప్లిఫయర్ జోలికి మాత్రం పోకండి. మీ మాట గట్టిగా వెళ్తుందేమో గానీ, అవతలి మాట అదే 6 డీబీ పోగొట్టుకున్నాకే మీ సెట్టుకి చేరుతుంది. ఆ డబ్బు స్తంభానికి పెట్టండి. ఈ బల్లపరుపు నేల మీద 12 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకి రేడియో హొరైజన్ (భూమి వంపు అడ్డొచ్చేదాకా సిగ్నల్ పోయే దూరం) 14 కిలోమీటర్లు, 15 మీటర్లకి 16. పైగా కొబ్బరి మట్టల్లోంచి కాస్త బయటపడతారు. అదనపు 3 మీటర్ల ఆర్‌జి-213కి పోయేది 0.3 డీబీ కూడా ఉండదు.