రెండో పంపును చంపింది మొదటి పంపే

(ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు కర్మాగారంలో 34 ఏళ్లు మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా పనిచేసి, ప్రొద్దుటూరులో స్థిరపడిన మా శీర్షిక నిర్వాహకుడి జవాబులు)

ప్రశ్న: తాడిపత్రి దగ్గర నాపరాతి గనుల్లో నా పొక్లెయిన్‌ను అద్దెకు తిప్పుతున్నాను. మొదటి హైడ్రాలిక్ పంపు 7,000 గంటలు పనిచేసింది. అది పోయాక వేయించిన కొత్త పంపు 900 గంటలకే పాడైంది. ఫిల్టర్లు వేళకు మారుస్తాను. కొత్త ఆయిల్‌ను కూడా పాత పంచె నాలుగు మడతలు వేసి వడగట్టి మరీ పోస్తాను. ఇంకా సన్నని ఫిల్టర్ వేస్తే మేలా, ఫోర్‌మన్ గారూ?

జవాబు: పంచె సంగతి ముందు తేల్చుకుందాం. మా నాన్న గానుగ నుంచి తెచ్చిన వేరుశనగ నూనెను అలాగే వడగట్టేవారు. రాత్రంతా కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరి పొద్దునకు నూనె తేటపడేది. మీ నమ్మకమూ అక్కడి నుంచి వచ్చిందే. కానీ మన కంటికి ఆనాలంటే కణం సుమారు 40 మైక్రాన్లుండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ పంపులో సిలిండర్ బ్లాకుకూ వాల్వు ప్లేటుకూ నడుమ ఉండే సందు 5 మైక్రాన్ల లోపే. అంతటి రాతి కణం 40 డిగ్రీల వేడిమీద ఉన్న 46 గ్రేడు (ఇది చిక్కదనం అంకె) ఆయిల్‌లో, ఆయిల్ అసలు కదలకపోయినా, గంటకు దిగేది సుమారు రెండు మిల్లీమీటర్లే. అడుగు లోతు దిగడానికి దాదాపు ఆరు రోజులు! పంచె దాన్ని ఆపదు సరికదా, తన నూలు పీచును కూడా లోపలికి పంపుతుంది.

అయినా మీ పంపును చంపింది పంచె కాదు. మీ ఉత్తరంలోని ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి: 7,000, 900. మొదటి పంపు పోయినప్పుడు ట్యాంకు విప్పి తుడిచారా? మీరు రాయలేదు. విప్పలేదనే నా అనుమానం. విరిగిన పంపు తన లోహపు ముక్కలను ట్యాంకులోకి, సిలిండర్లలోకి, కూలర్‌లోకి పంపే చస్తుంది. దాని చోట కొత్త పంపు బిగించగానే అది మొదట తాగేది ఆ ముక్కలనే.

పాత ఫిల్టర్ పారేయకుండా ఉంచి ఉంటే ఒక పని చేయండి. మడతల కాగితాన్ని పదునైన కత్తితో కోసి తీయండి. రంపం వాడకండి, దాని రజనే రాలి మిమ్మల్ని మోసం చేస్తుంది. కాగితాన్ని శుభ్రమైన డీజిల్‌లో జాడించి, ఆ డీజిల్‌ను తెల్లని పింగాణీ పళ్లెంలో పోసి ఎండలో అటూ ఇటూ వంచండి. పాలిథిన్ సంచిలో చుట్టిన అయస్కాంతానికి అంటుకునేది ఉక్కు. అంటుకోకుండా పచ్చగా మెరిసేది ఇత్తడో కంచో, బహుశా పిస్టన్ల చివర ఉండే షూలది. మెరవకుండా వేళ్ల మధ్య గరగరలాడేది గని దుమ్ము.

మూడో పంపు బిగించే ముందు ట్యాంకు కడిగించండి. సిలిండర్లు, గొట్టాలు ఖాళీ చేయించండి. కూలర్ సందుల్లో ఇరుక్కున్నది ఒక పట్టాన రాదు, డబ్బుంటే మార్చేయడమే నయం. తర్వాత 50 గంటలకే ఫిల్టర్ తీసి కోసి చూడండి.

ఇక సన్నని ఫిల్టర్. పెట్టె మీద ‘10 మైక్రాన్లు’ అని ఉంటే సరిపోదు, బీటా ఎంత అని అడగండి. బీటా 2 అంటే ఆ సైజు కణాల్లో సగం దాటిపోతాయి. 200 అంటే రెండు వందల్లో ఒక్కటే దాటుతుంది. అంకె చెప్పలేని దుకాణంలో కొనకండి. యంత్రం తయారీదారు చెప్పినదానికంటే సన్ననిది బిగిస్తే త్వరగా మూసుకుపోయి బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది, ఆయిల్ వడపోత లేకుండానే తిరుగుతుంది. పంపు పీల్చే వైపు జాలీని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సన్నం చేయకండి, పంపుకు ఊపిరాడదు.

‘నాపరాయి మెత్తనిదే కదా’ అని మీ మెకానిక్ అనవచ్చు. సున్నపురాయి ఉక్కుకంటే మెత్తనే, నిజమే. దాని మీది మట్టిలో ఉండే ఇసుక మాత్రం కాదు. బూమ్ (పొక్లెయిన్ పెద్ద చేయి) లేచిన ప్రతిసారీ ట్యాంకులో మట్టం తగ్గుతుంది, ఆ ఖాళీలోకి బ్రీదర్ (ట్యాంకు గాలి పీల్చే మూత) గుండా గనిగాలి వస్తుంది. ఆ బ్రీదర్‌ను చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తుందా?

డ్రమ్ముల మాటా చెప్పాలి. మా కర్మాగారంలో కొలిమి నుంచి వచ్చే సిమెంటు గడ్డలను చల్లార్చే క్లింకర్ కూలర్ హైడ్రాలిక్ ఆయిల్ ఒక అక్టోబరులో మజ్జిగలా తెల్లబడింది. నీటి కూలర్ కారుతోందని రెండు రోజులు విప్పి చూశాం. కారింది అది కాదు. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము నెత్తిన వాననీళ్లు నిలిచాయి. పగటి వేడికి డ్రమ్ములోని గాలి ఉబ్బి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి ముడుచుకున్నప్పుడు బిరడా సందులోంచి నీళ్లను లోపలికి లాగుతుంది. నిలబెట్టించింది నేనే. అప్పటి నుంచి డ్రమ్ములు పడుకోబెట్టే ఉంచాం, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెల చోట ఉండేలా.

ప్రశ్న: ఆదోనిలో మా దూది బేళ్ల ప్రెస్సు ఆయిల్ నల్లబడింది. పరీక్ష చేయిస్తే 21/19/16 అని వచ్చింది. పారబోయాలా?

జవాబు: రంగు చూసి పారబోయకండి. నలుపు ఎక్కువగా వేడికి ఆయిల్ ముదిరినందువల్ల వస్తుంది, మురికి లెక్క వేరు. ఆ మూడు అంకెలూ ఒక మిల్లీలీటరులో 4, 6, 14 మైక్రాన్లు, ఆపైన ఉన్న కణాల లెక్కలు. 21 అంటే పది వేల నుంచి ఇరవై వేలు. అంకె ఒకటి తగ్గితే కణాలు సగమైనట్లు. ఆమ్లత, చిక్కదనం బాగుంటే ఫిల్టర్ ట్రాలీ (చక్రాల మీది వడపోత యంత్రం) అద్దెకు తెచ్చి, ట్యాంకు ఆయిల్ మొత్తం కనీసం ఏడుసార్లు తిరిగేలా నడిపించి మళ్లీ పరీక్షకు పంపండి. ఆమ్లత పెరిగి ఉంటే ఏ వడపోతా పనిచేయదు, మార్చాల్సిందే. మీ దగ్గర బ్రీదర్‌ను మూసేది దుమ్ము కంటే దూది నూగే, వారానికోసారి చూడండి.

ప్రశ్న: బ్రీదర్‌లో తేమ పీల్చే నీలి సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగింది. ఎండబెట్టి వాడవచ్చా? (కడప)

జవాబు: కడప ఎండ కూడా చాలదు. 120 డిగ్రీల ఓవెన్ కావాలి, వంటింటిది కాదు. గింజలకు ఆయిల్ అంటి ఉంటే ఆరబెట్టినా లాభం లేదు, కొత్తవి వేయండి.