మా పెర్ఫార్మెన్స్ పార్టుల షాపు లేత్ మెషీన్ దగ్గర మొదలైంది

కార్ పెర్ఫార్మెన్స్ పార్టుల (బండి పనితీరు పెంచే భాగాల) షాపు కుటుంబంగా నడిపేవాళ్లు ఎలా మొదలుపెట్టారు, చిన్న ఊళ్లో అది నడుస్తుందా అని ఒకరు అడిగారు. మాది భీమవరం దగ్గర. మా షాపుకి మూలం రేసింగ్ పిచ్చి కాదండీ, ఇనుప భాగాల్ని తిప్పుతూ చెక్కే లేత్ మెషీన్.

తాతయ్య కాలవ గట్టు మీద రేకుల షెడ్డులో ఆ లేత్ పెట్టుకుని, చేలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవారు. నాన్న చేతికి వచ్చేసరికి టాక్సీ అంబాసిడర్లు పెరిగాయి. పెట్రోల్ ఖర్చు భరించలేక ఓనర్లు ఉన్న ఇంజన్ దింపేసి డీజిల్ ఇంజన్ ఎక్కించుకునేవారు. దాని బరువుకి బండి ముందు భాగం కుంగేది. టార్షన్ బార్ (ముందు చక్రాల దగ్గర స్ప్రింగులా పనిచేసే కడ్డీ) సర్ది ఎత్తు తేవడం, ఇంజన్ కూర్చునే మౌంటింగులు చేయడం అన్నీ మా షెడ్డులోనే. ఇవాళ ఇంజన్ స్వాప్ అంటూ వీడియోలు పెడుతున్న పని అదే. అప్పట్లో మైలేజీ కోసం చేసేవారు, అంతే తేడా.

నాన్న దగ్గర బోర్ గేజ్ (సిలిండర్ లోపలి వెడల్పు కొలిచే పరికరం) ఉన్నా, ముందు సిలిండర్ పైఅంచున గోరు పెట్టి గీరేవారు. మెట్టు తగిలితే బోర్, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగినట్టే. ఆ తర్వాతే గేజ్ దింపి, పావు మిల్లీమీటరు ఓవర్‌సైజ్ (అంత పెద్ద) పిస్టన్ సరిపోతుందా, అర మిల్లీ కావాలా అని తేల్చేవారు. సరుకు విజయవాడ ఆటోనగర్ నుంచి పార్శిల్లో వచ్చేది. డబ్బా మీద ఎంత పెద్ద కంపెనీ పేరున్నా సరే, పిస్టన్ రింగుల్లో తేడా కనిపిస్తే బండికి ఎక్కించేవారు కాదు. అలా నాన్న తెచ్చుకున్న మంచి పేరే మాకు దక్కిన అసలు పెట్టుబడి.

స్విఫ్ట్ డీజిల్ వచ్చాక అన్నయ్య, నేను పార్టుల వైపు తిరిగాం. రొయ్యల చెరువుల డబ్బు ఆడే రోజులు. "అదే 1.3 లీటర్ ఇంజన్ ఎర్టిగాలో 90 గుర్రాలు (హార్స్‌పవర్) కదా, నా 75ని కూడా మ్యాప్ మార్చి అంత చేసేయండి బాబాయ్" అని కుర్రాళ్లు వచ్చేవారు. మ్యాప్ అంటే ఇంజన్‌కి ఎంత ఇంధనం, ఎంత గాలి పంపాలో చెప్పే కంప్యూటర్ సెట్టింగు. 90 గుర్రాల దానిలో టర్బోనే (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) వేరు, అది వేరియబుల్ జామెట్రీ రకం, అంటే లోపలి రెక్కల కోణం మారేది. ఉన్న టర్బో మీద బూస్ట్ (గాలి ఒత్తిడి) పెంచుకుంటూ పోతే ముందు క్లచ్ జారుతుంది. అందుకే మ్యాప్ అడిగిన ప్రతివాడికీ మొదట క్లచ్, బ్రేకులు చూపించమంటాం. సగం మంది అక్కడే వెనక్కి వెళ్లిపోతారు. పోనివ్వండి.

నిజంగా అమ్ముడయ్యేవి బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు). నరసాపురం వైపు ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టి ఊడిరావు, వాటి పని వేరే. సంక్రాంతికి హైదరాబాద్ బండ్లు దిగినప్పుడు మాత్రం కూర్చోవడానికి తీరికుండదు.

రెండు విషయాలు ముందే తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి రూపం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి ఓనర్‌కి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మోత సైలెన్సర్లు మేం అందుకే పెట్టం. రెండోది అరువు. "పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అవగానే ఇచ్చేస్తానండీ" అంటారు, కాదనలేం. కానీ రొయ్యకి జబ్బు తగిలిన ఏడాది ఆ ఖాతా అలాగే ఉండిపోతుంది, కాబట్టి పార్టుకి డబ్బు ముందే తీసుకోండి, కూలి మాత్రం ఆగొచ్చు.