అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువు

చిన్నా,

భీమవరం పక్కన చినఅమిరం వైపు కొత్త కాలనీలో టిఫిన్ సెంటర్ పెడదామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెట్టు నాన్నా, నేను వద్దనను. 2022లో భీమవరం జిల్లా కేంద్రం అయ్యాక అద్దెకుండేవాళ్లు ఇంకా పెరిగారు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, ఆఫీసుల వాళ్లు, పిల్లల చదువుల కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్లు, అందరికీ పొద్దున్నే టిఫిన్ కావాలి. కానీ తొందరపడి అడ్వాన్స్ ఇచ్చేయకు.

ముందు నీళ్ల సంగతి. ఆ లేఅవుట్లు చాలావరకు నిన్నమొన్నటిదాకా వరిచేలు, చేపల చెరువులే. గ్రావెల్ తోలి మెరక చేశారు సరే, చేలకి నీళ్లు తెచ్చిన బోదెలు, మురుగు తీసుకెళ్లిన డ్రెయిన్లు ఏమయ్యాయో చూడాలి, ఎందుకంటే వాటిని పూడ్చేసి రోడ్డు వేసిన చోట వాన నీళ్లు పోయే దారిలేక షాపుల్లోకే వస్తాయి. ఎండలో చూసి మురిసిపోకు. పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి, గోడ మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో, పక్క కొట్టతను ఫ్రిజ్ ఎంత ఎత్తు దిమ్మ మీద పెట్టుకున్నాడో చూడు, దాన్నిబట్టే తెలిసిపోతుంది. బోరు నీళ్లు కూడా నోట్లో పోసుకుని చూడు. మన వైపు చాలాచోట్ల ఉప్పే, వాటితో పప్పు సరిగ్గా ఉడకదు. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక కుళాయి నీళ్లకీ ఇబ్బందే, కాబట్టి టిన్ను నీళ్ల ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో.

అద్దె దగ్గర గట్టిగా ఉండు. ఓనర్లు రిజిస్ట్రేషన్ లేకుండా 11 నెలల అగ్రిమెంటే రాద్దామంటారు. నువ్వు పొయ్యిలు, పొగ గొట్టం, టైల్స్ అని లక్షలు పెట్టి, బేరం అందుకునే టైముకి ఆయన అద్దె రెట్టింపు చేస్తే ఏం చేస్తావు? ఐదేళ్లకి రాయించుకుని రిజిస్ట్రేషన్ చేయించు, ఏటా ఎంత పెంచుతారో అందులోనే ఉండాలి. ఆ ఖర్చుకి వెనకాడకు.

ఇక ఖాతాలు, అంటే అరువు సంగతి. నేను ఇన్నేళ్లు కిరాణా కొట్టులో కూర్చుని గమనించింది ఇదే, మనుషులకి డబ్బు ఒకేసారి రాదు. ఉద్యోగస్తుడికి ఒకటో తారీఖు, రైతుకి సార్వా, దాళ్వా రెండు పంటల ధాన్యం డబ్బులు పడ్డాక, చెరువుల వాళ్లకి చేపలో రొయ్యలో పట్టి అమ్మాక. 2025లో అమెరికా సుంకాలు పెంచుతుందనగానే ఇక్కడ రొయ్య రేటు పడిపోయింది, ఆ దెబ్బ చెరువు గట్టు మీద పనిచేసే కుర్రాడి టిఫిన్ దాకా వస్తుంది. అలాంటివాళ్లకి నెల రోజులు ఖాతా ఇవ్వు, పుస్తకంలో వాళ్ల ముందే రాయి. ఎవరో తెలియని కొత్తవాళ్లకి మాత్రం మొదట్నుంచీ ఫోన్‌పే, లేదా నగదు, మొహమాటపడకు. సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, ఒక్క కాలేజీ పిల్లల్నే నమ్ముకోకు.

ఊళ్లో పాతకాపుల్ని కలుపుకో. మావుళ్లమ్మ ఉత్సవాలకి అడక్కముందే చందా ఇవ్వు, ప్లేట్లు కడిగిన నీళ్లు ఎదురింటి గుమ్మంలోకి పోనివ్వకు. కొత్త కాలనీల్లో సగం గొడవలు మురుగు నీళ్ల దగ్గరే మొదలవుతున్నాయి.

ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ రిజిస్ట్రేషన్ షాపు తెరవకముందే తీసుకో. అగ్రిమెంట్ డ్రాఫ్ట్ రాయగానే ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, మీ బాబాయి చదివి చెప్తారు, అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ పిన్ని